చెంచా చప్పుడు

కంప్రెషర్ కొనడానికి ఆటోనగర్ బయలుదేరిన రోజున బసవపున్నయ్య చొక్కా జేబులో ఒక స్టీలు చెంచా పెట్టుకున్నాడు. భార్య మాణిక్యాన్ని కూడా వెంట తీసుకెళ్ళాడు. ఆమెకు పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట కూడా పడిపోయింది. కంకిపాడు నుంచి ఆటోలో, పక్కన కూతురు మనోజ్ఞ పొదివి పట్టుకుని కూర్చుంటే, మెడ కొంచెం వాల్చి బందరు రోడ్డు వంక చూస్తూ వచ్చింది.

ఈ ఎండలో అమ్మనెందుకు కదిలించడమని మనోజ్ఞ బయలుదేరేముందు గొడవపడింది. పటమటలో ఉంటుంది కాబట్టి తనే వెళ్ళి, నాలుగు కొట్లు తిరిగి, మంచిది చూసి పంపిస్తానంది. బసవపున్నయ్య వినలేదు. మాణిక్యం చూడకుండా ఆ ఇంట్లోకి వచ్చిన వస్తువు ఏదీ లేదు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి ముచ్చటపడి తనంతట తానే సీలింగు ఫ్యాను కొనుక్కొచ్చాడు. అది తిరిగేటప్పుడు తల ఊపుతోందని ఆమె మర్నాడే విప్పించి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, కొట్టువాడికి తిరిగి ఇచ్చేసి వచ్చింది. ఆ తర్వాత అతను ఒంటరిగా ఒక గరిటె కూడా కొనలేదు.

కానీ ఈసారి ఆమెను తీసుకెళ్ళింది ఆ అలవాటుకొద్దీ మాత్రమే కాదు.

బసవపున్నయ్యది వ్యవసాయం చేసుకునే కుటుంబం. అన్నలిద్దరూ చేలల్లోకి దిగితే, అతనికి మాత్రం చిన్నప్పుడే రంగుల పిచ్చి పట్టింది. ఆటోనగర్లో ఎవరో కారు తలుపు మీద గన్నుతో రంగు కొడుతుంటే, అది పొగలా వెళ్ళి అద్దంలా పరుచుకోవడం చూసి అక్కడే ఉండిపోయాడు. సొంత చేలో దిగడానికి బురద అడ్డమొచ్చిందిగానీ ఊళ్ళోవాళ్ళ కార్లకు సున్నాలెయ్యడానికి లేదా అని మేనమామలు చాలా ఏళ్ళు ఎత్తిపొడిచారు. అతను నవ్వి ఊరుకునేవాడు. శౌరయ్య అనే టింకరుతో కలిసి ఆటోనగర్లోనే ఒక రేకుల షెడ్డులో జీవితమంతా పనిచేశాడు. శౌరయ్య సొట్టలు తీసేవాడు, ఇతను లప్పం పెట్టి, రుద్ది, రంగు వేసేవాడు. ఇద్దరి మధ్యా, గన్నుకు గాలి అందించే పెద్ద బెల్టు కంప్రెషరొకటి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దడదడలాడుతూ ఉండేది. దాని పక్కన మాట్లాడాలంటే అరవాలి. ఆ అరుపు ఇంటికొచ్చినా తగ్గేది కాదు. ఉప్పు అడిగినా ఊరంతా వినేలా అడుగుతాడని మాణిక్యం విసుక్కునేది.

ఆమె పడిపోయిన రోజు నుంచి అతను షెడ్డుకు వెళ్ళలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అన్నం కలిపి పెట్టడం, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం అన్నీ నేర్చుకున్నాడు. జడ వెయ్యడం మాత్రం చివరిదాకా సరిగా రాలేదు. ఆమె ఎడమ చేతిలో ఒక స్టీలు చెంచా ఉండేది. ఏదన్నా కావాలంటే దానితో మంచం పట్టె మీద కొట్టేది. చెంచా కదిలిందంటే దాహమో, పక్క మార్చాలో, ఊరికే పిలిచిందో అతనికి ఇట్టే తెలిసిపోయేది.

అయితే పని లేని మగవాడు ఇంట్లో కూర్చోవడం మాణిక్యానికి మొదటినుంచీ సయించదు. నెలలు గడిచేకొద్దీ, స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూడలేక మొహం గోడవైపు తిప్పుకునేది. ఒకరోజు గోడకు తగిలించి ఉన్న రంగుల గన్నును చెంచాతో చూపించింది. అతను అర్థం కానట్టు నటించాడు. ఆమె మళ్ళీ గన్నునే చూపించి, తర్వాత పెరటివైపు చూపించింది. పెరట్లో ఒకప్పటి రేకుల గొడ్లపాక ఉంది. అక్కడ పెట్టుకుని చెయ్యమని.

చెయ్యొచ్చు. ఊళ్ళో కార్లకు కొదవలేదు, వరికోత మిషన్లు గీరిన తలుపులకూ కొదవలేదు. కానీ కంప్రెషర్ మోతలో ఆమె పిలిస్తే ఎలా వినపడుతుంది? ఆ ఒక్క ప్రశ్న దగ్గర అతను చాలా రోజులు ఆగిపోయాడు. చివరికి ఆ ప్రశ్ననే జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

కొట్టు యజమాని కిరీటి మర్యాదస్తుడు. ఏం పనికి కావాలో ముందు అడిగి తెలుసుకున్నాడు. టైర్లకు గాలి పట్టడానికైతే చిన్నది చాలని, రంగు కొట్టాలంటే మాత్రం గన్ను గాలిని తెగ తాగుతుందని, చాలామంది పంపుసెట్టు కొన్నట్టు హార్స్‌పవర్ ఎంతని అడుగుతారుగానీ చూడాల్సింది నిమిషానికి ఎంత గాలి ఇస్తుందన్నదనీ, ట్యాంకు ఎంత పెద్దదన్నదనీ చెప్పుకుపోయాడు. ఇంట్లో కరెంటు సింగిల్ ఫేజేనా అని అడిగాడు. అవన్నీ బసవపున్నయ్యకు తెలిసినవే. అయినా అడ్డు తగలకుండా విని, ఒక్కొక్కటీ ఆడించి చూపించమన్నాడు. జేబులోంచి చెంచా తీసుకెళ్ళి, కొట్టు ముందు ఆగిన ఆటోలో మాణిక్యం ఎడమ చేతికి ఇచ్చాడు. ఆటో ఇనుప కమ్మీ మీద కొట్టమని చెప్పి, తను లోపలికొచ్చి వీపు అటు తిప్పి నిలబడ్డాడు.

కొట్టులో ఉన్నవాళ్ళకు సంగతి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. "పెళ్ళిచూపులు లాగుందేంటండీ, పిల్లకి పాటొచ్చో రాదో చూస్తున్నారా" అని బోల్టులు కొనడానికొచ్చిన ఒకాయన అన్నాడు. మనోజ్ఞ మొహం ఎర్రబడింది. కిరీటి మాత్రం నవ్వలేదు. ఆటోలో ఉన్న మనిషిని ఒకసారి చూసి, మోటారు ఆన్ చేశాడు.

మొదటిది బెల్టుది. దాని మోతలో చెంచా కాదుగదా, ఎదురుగా వెళ్ళే లారీ హారను కూడా వినపడలేదు. రెండోదానికి బెల్టు లేదు, మోటారే నేరుగా తిప్పుతుంది. అది ఇంకా చెవులు చిల్లులు పొడిచేలా అరిచింది. మూడోది నూనె పొయ్యక్కర్లేనిది, బొద్దుగా, పొట్టిగా, చిన్న ట్యాంకుతో ఉంది. ఆన్ చేస్తే పాత ఫ్రిజ్జులా గురగురమంది. ఆ గురగురలోంచి ఇనుప కమ్మీ మీద చెంచా ఖంగుఖంగుమంది. మనోజ్ఞ టక్కున తల తిప్పింది. బోల్టులాయన కూడా తిప్పాడు.

"ఇప్పుడు స్పష్టంగా వినపడింది కదండీ" అన్నాడు కిరీటి.

బసవపున్నయ్య అందరి మొహాలూ చూశాడు. "ఆఁ, వినపడింది" అన్నాడు.

కిరీటి మాట్లాడటానికి వీలుగా మిషను ఆపేశాడు. బసవపున్నయ్య ఆటో వైపు తిరిగాడు. మాణిక్యం ఇంకా కొడుతూనే ఉంది. ఆమె చెయ్యి లేవడం, పడడం కనపడుతోంది. మిషను ఆగిపోయింది, కొట్టు నిశ్శబ్దంగా ఉంది, చెయ్యి కమ్మీ మీద పడుతోంది. దగ్గరి మాటలు అందుతున్నాయిగానీ, ఆ సన్నని చప్పుడు మాత్రం అతనిదాకా రావడం లేదు. ఇన్నాళ్ళూ మంచం పక్కనే కూర్చుని, ఆ చెయ్యి కదలడం చూసి, విన్నాననుకుంటున్నాడు.

అతను చూపు తిప్పుకునేలోపే మాణిక్యం కొట్టడం ఆపింది. అతని మొహంలోకి కాసేపు చూసింది. చెంచాను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చీర కొంగు కప్పింది.

ఇది రంగు పనికి చాలదని కిరీటి హెచ్చరించాడు. సగం తలుపు కొట్టేసరికి ట్యాంకు ఖాళీ అవుతుందని, మళ్ళీ నిండేదాకా చేతులు కట్టుకుని నిలబడాలని, తన సరుకు తనే వద్దంటున్నానని అనుకోవద్దనీ అన్నాడు. నాన్నకు ఇదే నచ్చిందని మనోజ్ఞ అంది. బసవపున్నయ్య అవునన్నాడు. వినపడిందని ఒకసారి అన్నాక ఇక వేరేది అడగడానికి నోరు రాలేదు.

ఆ ఆదివారం శౌరయ్య చూడటానికి వచ్చాడు. మిషను చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదేం కంప్రెషర్ పున్నయ్యా, పుట్టినరోజుకి బుడగలూదుకునేదా?" అన్నాడు. మాణిక్యం మంచం మీద నుంచి ఎడమ మూతితో నవ్వింది. బసవపున్నయ్య కూడా నవ్వాడు.

మొదటి పని ఎదురింటివాళ్ళ కారు మడ్‌గార్డుది. వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, సంతృప్తిగా లోపలికొచ్చాడు. మాణిక్యం పక్కంతా తడిసిపోయి ఉంది. చెంచా నేలమీద పడి ఉంది. ఎంతసేపు కొట్టిందో, ఎప్పుడు చేజారిందో తెలియదు. ఆమె అతని వంక చూడలేదు. అతను దుప్పటి మార్చి, వేణ్ణీళ్ళు పెట్టి, ఒళ్ళు తుడిచి, చెంచా కడిగి మళ్ళీ చేతికివ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. చెవుల సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరు చెప్పలేరు, ఇంకొకరు చెప్పరు.

మర్నాడు అతను పాకలోకి వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. ఎడమ చెయ్యెత్తి పైన దూలం వైపు చూపించింది. అతను ఫ్యాను వేశాడు. ఆమె తల అడ్డంగా ఊపి కాదంది. ఫ్యాను తీసేశాడు. కాదంది. బూజు కర్ర తెచ్చి దూలం దులిపాడు. ఆమె కళ్ళు మూసుకుని, ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగానా అన్నట్టు ఊపిరి వదిలింది. మళ్ళీ చూపించింది, ఈసారి దూలానికున్న కొక్కేన్ని, తర్వాత తన కాలి బొటనవేలిని. కొక్కెం, బొటనవేలు. కొక్కెం, బొటనవేలు. అప్పుడు అతనికి తట్టింది. మనోజ్ఞ ఉయ్యాల ఆ కొక్కేనికే వేలాడేది. మాణిక్యం వంటింట్లో పప్పు రుబ్బుతూ, ఉయ్యాల తాడు కొస కాలి బొటనవేలికి కట్టుకుని, రుబ్బే చెయ్యి ఆపకుండా పిల్లను ఊపేది. పిల్ల కదిలితే వేలికి తెలిసేది.

మెత్తటి నైలాను తాడు తెచ్చాడు. ఒక కొస ఆమె ఎడమ మణికట్టుకు వదులుగా కట్టి, కిటికీ ఊచల మధ్య నుంచి పెరట్లోకి తీసి, రెండో కొస తన మొలతాడుకు ముడివేసుకున్నాడు. పాకలోకి వెళ్ళి నిలబడ్డాడు. కొంచెంసేపటికి నడుం దగ్గర చిన్న గుంజు తగిలింది. లోపలికి పరిగెత్తాడు. ఆమెకేమీ అక్కర్లేదు. పనిచేస్తుందో లేదో చూసింది, అంతే.

తాడు కారు అవతలి వైపుకి అందేది కాదు. అందుకని అవతలి పక్క పని వచ్చినప్పుడల్లా కారునే తిప్పి నిలబెట్టేవాడు. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, మాణిక్యమ్మగారు గేదెను పలుపుతాడేసి మేపుకుంటున్నట్టుందని అంది. ఆ మాట అతను నొచ్చుకోకుండా భార్యకు చెప్పి, మేపింది ఎప్పుడూ నువ్వేగా అన్నాడు.

కిరీటి చెప్పినట్టే జరిగింది. సగం తలుపు కొట్టేసరికి గన్నులో గాలి నీరసించేది. మిషను గురగురమంటూ మళ్ళీ ట్యాంకు నింపుకోవడం మొదలుపెట్టేది. ఆ కాసేపు చేతులు కట్టుకుని నిలబడటమెందుకని అతను లోపలికి వెళ్ళేవాడు. థిన్నరు వాసనకు ఆమె ముక్కు చిట్లించేది. రంగు ఎలా పరుచుకుందో చెప్పేవాడు. అరటిపండు తుంచి నోట్లో పెట్టేవాడు, నోటి పక్కనుంచి కారింది తుడిచేవాడు, రేగిన జుట్టు సర్దేవాడు. బయట ట్యాంకు నిండిపోయి మిషను ఎప్పుడాగిందో అతనికి వినపడేది కాదు. ఆమెకు వినపడేది. తాడు చిన్నగా గుంజి, ఇక వెళ్ళమని పెరటివైపు చూపించేది. ఏ షెడ్డులోనైనా రెండు రోజుల్లో అయ్యే పని అక్కడ వారం పట్టేది. ఆటోనగర్లో కలిసి పనిచేసినవాళ్ళు వింటే నవ్విపోయేవారు. ఆ వానాకాలమంతా అలాగే గడిచింది. గాలిలో తేమకు ట్యాంకు అడుగున నీళ్ళు చేరేవి. సాయంత్రం కింది కుళాయి తిప్పి వదిలేస్తే చెంబెడు వచ్చేవి. ఆ తర్వాత చేతులు కడుక్కుని తాడు విప్పేవాడు.

చలికాలం మొదట్లో ఆమెకు జ్వరమొచ్చింది. తగ్గింది కానీ, ఆ తర్వాత మనిషి తేలికైపోయింది. ముద్ద దిగేది కాదు. తాడు గుంజడం తగ్గింది. గుంజినా, చొక్కా మడత కదిలినంతే తెలిసేది. మనోజ్ఞ పని మానెయ్యమంది. అతను మానేద్దామనే అనుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తాడు కట్టకుండా పక్కనే కూర్చుంటే, చెయ్యి చాపి పెట్టుకుని కట్టేదాకా చూసేది.

పామర్రు ఎరువుల కొట్టాయన తెల్ల కారు ఒకటి అప్పుడు పాకలో ఉంది. అన్నీ అయిపోయి బానెట్టు ఒక్కటే మిగిలింది. ఆఖరి పూత వెయ్యాలి. ట్యాంకు నిండేలోపు లోపలికెళ్ళి ఆమె పెదాలు తడిపాడు. మెలకువగానే ఉంది. జడ భుజం కింద నలుగుతుంటే పైకి తీసి పెట్టాడు. ఆమె తాడు గుంజలేదుగానీ, పెరటివైపు చూసింది. వెళ్ళాడు.

ఆఖరి పూత మధ్యలో ఆపితే గీత పడుతుంది. గాలి ఉన్నంతసేపూ ఒకే వేగంతో చెయ్యి నడపాలి. బానెట్టు అవతలి అంచు అందుకోవడానికి అతను బంపరు మీద నడుం ఆనించి వంగాడు. సగం దాటేసరికి గాలి నీరసించింది. గన్ను పక్కన పెట్టి, ఎప్పటిలాగే లోపలికి వెళ్ళాడు.

మాణిక్యం కళ్ళు మూసి ఉన్నాయి. నిద్రపోయిందనుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాక తెలిసింది. మణికట్టుకు వదులుగా కట్టిన తాడు ఆమె గుప్పిట్లో ఉంది.

పుణ్యస్త్రీ అన్నారు. ఎవరినీ బాధపెట్టకుండా నిద్రలో వెళ్ళిపోయిందన్నారు. వచ్చినవాళ్ళందరూ చెప్పింది అతను తల ఊపుతూ విన్నాడు, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు. జనం తగ్గాక మనోజ్ఞను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాడు.

"గుంజితే నాకు తెలిసేది కదమ్మా?"

"తెలిసేది నాన్నా."

"బంపరు మీద ఆనుకున్నాను. తాడు నడుంకీ బంపరుకీ మధ్య నొక్కుకుపోయిందేమో. అప్పుడు గుంజితే..."

"గుంజి ఉండదు నాన్నా. నిద్రలోనే."

"మరి గుప్పిట్లో ఎందుకుందీ?"

తర్వాత రోజుల్లో కూడా అతను ఆ మాట అడుగుతూనే ఉన్నాడు, కొన్నిసార్లు ఆమెను, కొన్నిసార్లు ఎదురుగా ఎవరుంటే వాళ్ళని. ఒకసారి పాకలోకి వెళ్ళి, బంపరు మీద నడుం ఆనించి, కిటికీ దగ్గర నిలబడి తాడు గుంజమని కూతురికి చెప్పాడు. ఆమె ఏడుస్తూ గుంజింది. ఏం తెలిసిందో అతను చెప్పలేదు. తాడు విప్పి చుట్టచుట్టి కొక్కేనికి తగిలించాడు.

పెద్దకర్మ అయింది. ఎరువుల కొట్టాయన పలకరించడానికి రెండుసార్లు వచ్చాడు, కారు మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. సగం దగ్గర గీత పడిన బానెట్టు పాకలో అలాగే ఉంది. చివరికి శౌరయ్య తమ షెడ్డులోని పెద్ద బెల్టు కంప్రెషర్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు.

"ఆ బుడగల మిషనుతో ఇంకెన్నాళ్ళు తంటాలు పడతావు పున్నయ్యా. దీన్ని పెట్టుకో, ఒక్క పూటలో తేలిపోద్ది. ఇంక నువ్వు వినాల్సిందేముంది" అన్నాడు.

అన్నాక ఏమన్నాడో తనకే తెలిసి, ట్రాలీ తాళ్ళు విప్పడంలో పడ్డాడు.

"దించు" అన్నాడు బసవపున్నయ్య.

పాత పూత మొత్తం రుద్ది తీసేశాడు. కొత్తగా రంగు కలుపుకున్నాడు. బెల్టు కంప్రెషర్ మొదలవగానే పాక రేకులు అదిరాయి. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. గాలి నిండుగా, ఆగకుండా వచ్చింది. అతను కారు చుట్టూ తిరిగాడు, అటూ ఇటూ కూడా. చెయ్యి ఎక్కడా ఆగలేదు. బానెట్టు ఒకే విసురులో పూర్తయింది, గీత లేదు, చారిక లేదు. శౌరయ్య పక్కనుంచి చూస్తూ, ఆటోనగర్లో కూడా ఇంత నున్నగా ఎప్పుడూ పడలేదనుకున్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళాల్సిన పని పడలేదు.

గన్నులో థిన్నరు పోసి కడిగాడు. తర్వాత ఉత్త గాలి వదలడం మొదలుపెట్టాడు. గన్ను ఆరడానికి కాసేపు చాలు. అతను వదులుతూనే ఉన్నాడు. పని అయిపోయింది కదాని శౌరయ్య స్విచ్చి దగ్గరికి వెళ్ళాడు. బసవపున్నయ్య చెయ్యెత్తి వద్దన్నాడు.

"ఉండనీ శౌరీ. కాసేపు ఉండనీ."

ఆ మోత ఉన్నంతసేపూ ఇంట్లోంచి ఏమీ వినపడకపోవడానికి ఒక కారణం ఉంది. అది ఆగితే ఆ కారణం కూడా ఉండదు. శౌరయ్య స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసి, వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.